తుప్పుకీ ఓ లెక్కుంది

నమూనా రైలు ఇంజన్లకూ వ్యాగన్లకూ ఎండ, వాన, దుమ్ము, నూనె, తుప్పు తగిలి కొన్నేళ్లు నడిచిన రూపం తెప్పించే పనిని వెదరింగ్ అంటారు. ప్లాస్టిక్కుకు తుప్పు పట్టదు. గదిలో బల్ల మీద తిరిగే బండి వానలో తడవదు, బొగ్గు సైడింగులో నిలబడదు. కాబట్టి దాని మీద కనిపించే ప్రతి మరకా ఎవరో కావాలని పెట్టిందే. పెట్టాలా వద్దా, పెడితే ఎక్కడ, ఎంత అన్న విషయంలో ఈ అభిరుచి ఉన్నవాళ్లు ఎప్పటినుంచో రెండు పక్షాలుగా ఉన్నారు.

ఈ పనికి పేరు తెచ్చినవాళ్లలో అమెరికాలోని మాంటెరీలో ఉండిన జాన్ అలెన్‌ని ముందు చెప్పుకోవాలి. వృత్తిరీత్యా ఆయన ఫొటోగ్రాఫర్. గోరీ అండ్ డిఫీటెడ్ అని పేరు పెట్టుకున్న తన ఊహాలోకపు రైలుమార్గంలో ఇంజన్లు, వ్యాగన్లు, ఇళ్లు, వంతెనలు అన్నిటికీ వాడి వాడి నలిగిన రూపమిచ్చి, ఆ ఫొటోలు పత్రికల్లో వేయించేవాడు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ మార్గం చాలావరకు మంటల్లో కాలిపోయింది, ఫొటోలు మిగిలాయి. నమూనా అంటే తళతళలాడాల్సిందే అనుకునే రోజుల్లో మొదలైన పని ఇది. ఇప్పుడు బాక్‌మన్ లాంటి కంపెనీలే కొన్ని బ్రిటిష్ నమూనాలను మురికి రంగుతో సహా డబ్బాలో పెట్టి అమ్ముతున్నాయి.

ఈ సంవాదంలో ఇద్దరున్నారు. గూడ్సు బళ్లు తనిఖీ చేసే టీఎక్స్ఆర్‌గా పనిచేసి రిటైరైన బాబాయి వెదరింగ్‌కి వ్యతిరేకి. ఆయన అన్న కొడుకు హెచ్ఓ స్కేలులో, అంటే 87వ వంతు కొలతల్లో, భారతీయ గూడ్సు బండి నడుపుతాడు. వెదరింగ్ ఉండి తీరాలంటాడు. ఇద్దరి మధ్యా ఉన్న ఉదాహరణ మన లైన్ల మీద రోజూ కనిపించే బాక్స్ఎన్ వ్యాగను. పైకప్పు లేకుండా బొగ్గు, ఖనిజం మోసే ఎర్ర గోధుమరంగు డబ్బా అది. నిజంగా 10.7 మీటర్ల పొడవుండేది నమూనాలో 12.3 సెంటీమీటర్లకు దిగుతుంది.

బాబాయి: ఒరేయ్ అబ్బాయ్, తుప్పు తిని ప్యానెల్ చిల్లు పడితే చాక్‌పీసుతో గుర్తు పెట్టి, మరమ్మతులు చేసే సిక్ లైనుకి పంపించడం నా ఉద్యోగం. సర్వీసంతా ఆ తుప్పుతోనే పోట్లాడాను. నువ్వేమో చక్కటి వ్యాగన్ కొనుక్కొచ్చి, పైన ఇంకా డబ్బులు పోసి, దానికి తుప్పు పూస్తానంటున్నావు. పెళ్లికూతురికి బుగ్గన దిష్టిచుక్క పెడతారు గాని ముఖమంతా కాటుక పులుముతారా?

అబ్బాయి: ముఖమంతా పులమమని ఎవరన్నారు బాబాయ్? డబ్బాలోంచి తీసినదాన్ని అలాగే బల్ల మీద పెట్టి చూడండి. అది కొత్త వ్యాగన్లా ఉందా, కొత్త ప్లాస్టిక్కులా ఉందా? వర్క్‌షాపు నుంచి పెయింటేసుకుని వచ్చిన రోజున కూడా నిజం వ్యాగన్ ఇలా ఉండదు.

అబ్బాయి మాటకు మూలం వెలుగులో ఉంది. వస్తువును 87వ వంతుకు కుదించవచ్చు గాని, దాని మీద పడే వెలుగును కుదించలేం. నిజం బాక్స్ఎన్ పక్కగోడకు నిలువు పట్టీలు, అడుగున తలుపులు, వాటి గడియలు, కీళ్లు ఉంటాయి. ఎండలో వాటి కింద చిక్కటి నీడ పడుతుంది. నమూనా మీద అదే పట్టీ ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని నీడ కనపడీ కనపడనట్టు ఉంటుంది. దానికి తోడు ప్లాస్టిక్ నునుపు వల్ల గదిలోని దీపం గోడంతా ఒకే మెరుపుగా ప్రతిఫలిస్తుంది. మూలల్లో సన్నగా పారించిన ముదురు రంగు ముందు ఆ పోయిన నీడను తెచ్చిపెడుతుంది. మురికిగా కనిపించడం ఆ తర్వాతి మాట. మెరుపు లేని మ్యాట్ వార్నిష్ ఒక్క పూత వేసి, మూలల్లో నీడ నింపి, ఇంకేమీ చేయకుండా వదిలేసినా వ్యాగన్‌కి సగం బరువు వచ్చినట్టుంటుంది. వెదరింగ్‌ని కాదనేవాళ్లు కూడా ఈ మెట్టు దగ్గర పెద్దగా పేచీ పెట్టరు.

బాబాయి మాత్రం పెట్టాడు.

బాబాయి: నీడ అంటే సరే. సహజత్వం అని పెద్ద మాట వాడకు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే పంతొమ్మిది పైచిలుకు రావాలి. నీ పట్టాల మధ్య ఎంతుంది?

అబ్బాయి: పదహారున్నర.

బాబాయి: అంటే 1,435 మిల్లీమీటర్ల విదేశీ గేజి మీద మన గూడ్సు బండి నడిపిస్తున్నావు. పట్టాలే అబద్ధమైన చోట తుప్పు నిజమైతే ఎంత, కాకపోతే ఎంత?

అబ్బాయి: గేజి తేడా ఎదురుగా వంగి చూస్తేనే తెలుస్తుంది. మెరుపు ఎటునుంచి చూసినా తెలుస్తుంది. అయినా మీరన్న జాన్ అలెన్...

బాబాయి: నేనెక్కడన్నాను? నువ్వే అన్నావు.

అబ్బాయి: సరే, నేనన్న జాన్ అలెన్ తన యార్డులో షంటింగ్ చేయడానికి స్టెగోసారస్‌ని పెట్టాడు. డైనోసారే. దానికి ఎమ్మా అని పేరు. చూసినవాళ్లు నవ్వుకున్నారు గాని, పక్కనున్న వ్యాగన్లను నమ్మడం మానలేదు. అబద్ధం ఎక్కడుందో చూసేవాడికి తెలిసేలా ఉంటే చిక్కు లేదు. మిగతాదంతా ఒకదానితో ఒకటి పొసగితే చాలు.

అలెన్ ఉదాహరణ సరదాగా ఉంది గాని, బాబాయి ఆక్షేపణ దానితో పూర్తిగా తీరదు. హెచ్ఓ స్కేలులో వచ్చే భారతీయ నమూనాలు అంతర్జాతీయంగా దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలకు తగ్గట్టు రావడం మార్కెట్ అవసరం. అది తయారీదారుకు తప్పని రాజీ. మరకకు అలాంటి తప్పనిసరి ఏమీ లేదు, అది చేతులారా కలిపేది. కాబట్టి సంజాయిషీ చెప్పుకోవాల్సిన బాధ్యత మరక పెట్టేవాడిదే.

బాబాయి: ఇంకోటి. రైళ్లంటే మురికే అని మీకెవరు చెప్పారు? డబ్ల్యూపీ ఆవిరి ఇంజన్‌ని చూసుంటే తెలిసేది. ముందు ముక్కు, దాని మీద నక్షత్రం. ఇంజనుకో జట్టు అని కేటాయించిన రోజుల్లో డ్రైవరూ ఫైర్‌మన్లూ నూనెగుడ్డతో దాన్ని ఎలా తుడిచేవాళ్లు! బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్లు 1995తో ఆగిపోయాయి. మీరు చూసింది షెడ్డు వెనక పడేసినవాటిని. అదే నిజమనుకుంటున్నారు.

ఈ మాటకు బ్రిటన్ నుంచి ఒక సాక్ష్యం దొరుకుతుంది. అక్కడ ఇంజన్ డ్రైవరు కావాలనుకున్న కుర్రాడికి తొలి మెట్టు ఇంజన్లు తుడిచే క్లీనర్ ఉద్యోగం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ మురికి పనికి మనుషులు దొరకడం కష్టమైంది. 1968 ఆగస్టులో బ్రిటిష్ ప్రధాన మార్గాల మీద ఆవిరి ఇంజన్ల సాధారణ సర్వీసు ముగిసే నాటికి చాలా ఇంజన్లు మసి కింద నంబరు కూడా కనపడని స్థితికి వచ్చాయి. కలర్ ఫొటోలు విరివిగా ఉన్నది ఆ చివరి పదేళ్లవే. వెదరింగ్ చేసే బ్రిటిష్ అభిరుచిపరుల్లో చాలామంది వాటినే చూసి చేస్తారు. నూరేళ్లకు పైబడిన ఆవిరి యుగానికి దాని ముసలితనమే ముఖచిత్రమైంది.

అటు పక్షానికీ సాక్ష్యం లేకపోలేదు. ఆవిరి ఇంజన్లు తయారుచేసే కంపెనీలు కొత్త ఇంజన్ అధికారిక ఫొటో తీయించే ముందు, వివరాలన్నీ స్పష్టంగా పడాలని దానికి తాత్కాలికంగా బూడిదరంగు వేయించేవి. ఫొటో అయ్యాక అసలు రంగు. కాబట్టి మచ్చలేని పాత ఫొటోను చూసి అదే ఆ ఇంజన్ అసలు వాలకం అనుకున్నా పొరపాటే.

అబ్బాయి: డబ్ల్యూపీని వదిలేద్దాం బాబాయ్, అది ప్యాసింజరు రాణి. గూడ్సు వ్యాగన్‌ని ఎవరు తుడిచారు?

బాబాయి: ఎవరూ తుడవరు. అది ఒప్పుకుంటా. అయితే నాదో షరతు. నువ్వు పెట్టిన ఏ మరక చూపించినా, ఇదెక్కడినుంచి వచ్చిందిరా అని అడుగుతాను. చెప్పలేకపోతే చెరిపెయ్.

ఇక్కడి నుంచి వాదన స్వరూపం మారింది. వెదరింగ్ వద్దన్న మనిషే దాన్ని తనిఖీ చేసే మనిషయ్యాడు. మంచి వెదరింగ్‌కీ చెడ్డదానికీ తేడా చెప్పడానికి ఈ షరతును మించింది దొరకడం కష్టం.

ముందు తేదీల సంగతి. భారతీయ రైల్వేలో ప్రతి వ్యాగన్ తన వయసును ఒంటి మీదే రాసుకుని తిరుగుతుంది. పదకొండు అంకెల నంబరులో మొదటి రెండు వ్యాగన్ రకానికి, తర్వాతి రెండు సొంతదారు రైల్వేకి, అయిదూ ఆరూ తయారైన ఏడాదికి గుర్తు. తర్వాత నాలుగు వరుస సంఖ్య, చివరిది సరిచూసుకునే అంకె. నంబరు కాక, వర్క్‌షాపులో పూర్తి మరమ్మతు, అంటే పీఓహెచ్, ఎప్పుడైందో, మళ్లీ ఎప్పుడు రావాలో కూడా గోడ మీద రాసి ఉంటుంది. బాక్స్ఎన్‌కి మొదటి పీఓహెచ్ సాధారణంగా ఆరేళ్లకు, ఆ తర్వాత నాలుగున్నరేళ్లకు ఒకసారి. మధ్యలో ఏడాదిన్నరకోసారి డిపోలో ఆర్ఓహెచ్ అనే చిన్న మరమ్మతు. పీఓహెచ్‌లో చెడ్డ ప్యానెళ్లు మారుస్తారు, మళ్లీ రంగు వేస్తారు. విజయవాడ పక్కన రాయనపాడులోని గుంటుపల్లి వర్క్‌షాపు ఈ పనికి తెలుగునాట పేరున్న చోటు.

బాబాయి: ఇదిగో, ఈ వ్యాగన్ చూడు. కంపెనీవాడు పీఓహెచ్ తేదీ అచ్చుగా వేశాడు. నీ బండి ఏ ఏడాదిది అన్నావు?

అబ్బాయి: ఆ తేదీకి రెండు మూడు నెలలు అటూ ఇటూ.

బాబాయి: మరి వర్క్‌షాపు నుంచి వచ్చి మూడు నెలలు కాని వ్యాగన్‌కి గోడంతా తుప్పు చారలేమిటి? ఆ వర్క్‌షాపు ఫోర్‌మన్ చూస్తే నీ మీద కేసు పెడతాడు. తేదీ మార్చు, లేదా తుప్పు తగ్గించు.

తరవాతది కొలత. హెచ్ఓలో ఒక మిల్లీమీటరు నిజంలో 8.7 సెంటీమీటర్లు. కుంచె మొనతో అలవోకగా పెట్టిన చుక్క నిజం వ్యాగన్ మీద అరచేయంత తుప్పు. మిల్లీమీటరులో పదో వంతు గీత కూడా వేలి మందం గాటు అవుతుంది. దూరం లెక్కా ఇలాంటిదే: నమూనాను 60 సెంటీమీటర్ల నుంచి చూడటం నిజం వ్యాగన్‌ని 52 మీటర్ల నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి బోల్టు తల చుట్టూ పట్టిన తుప్పు కనిపించదు. గోడ మొత్తం మీద రంగు వెలిసిన తీరు, అడుగున దుమ్ము పట్టీ, పై అంచు నలుపు మాత్రం కనిపిస్తాయి. చెడిపోయిన వెదరింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడతాయి. దగ్గరగా తీసిన ఫొటో చూసి, అందులో ఉన్న ప్రతిదీ నమూనా మీదకి ఎక్కిస్తారు. అలా చేసింది వ్యాగన్లా కాక, వ్యాగన్ గురించి రాసిన జాబితాలా తయారవుతుంది.

రంగులకూ దూరానికీ కూడా లంకె ఉంది. దూరంగా ఉన్న వస్తువు రంగు గాలిలోని దుమ్ము వల్ల కాస్త పాలిపోయి కనిపిస్తుంది కాబట్టి, నమూనా మీద పచ్చి నలుపు, పచ్చి తెలుపు వాడరు. నలుపు కావలసిన చోట ముదురు బూడిద వేస్తారు. తుప్పు విషయంలో కొత్తవాళ్లకు నారింజ మీద మోజు ఎక్కువ. నారింజ నిన్నమొన్నటి తుప్పు. పాతబడ్డ తుప్పు ముదురు గోధుమరంగు. అందులోనూ బాక్స్ఎన్ గోడలకు వాడిన కార్టెన్ ఉక్కుకు పైపొర ముదురుగా గట్టిపడి లోపలికి పాకడం నెమ్మదిస్తుంది. నారింజ గీరుడు దగ్గర ఒక చుక్క ఉంటే చాలు.

ఇక కారణాలు. లోపల నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే బాక్స్ఎన్‌లో ముందు పోయేది లోపలి రంగే. సరుకు పడుతూ, రాసుకుంటూ, టిప్లర్‌లో వ్యాగన్‌ని అమాంతం తిప్పినప్పుడు జారుతూ గోడల్ని గీకేస్తుంది. లోపల రంగు అన్నమాటే మిగలదు; తుప్పు గోధుమ, దాని మీద సరుకు పొడి, మూలల్లో పేరుకున్న మడ్డి.

అబ్బాయి: కేకే లైన్ బండి ఒకటి చేద్దామనుకుంటున్నాను బాబాయ్. కిరండూల్ నుంచి అరకు మీదుగా విశాఖ దిగే ఖనిజం బండి. లోపల నిండా ఎర్రదుమ్ము వేస్తాను.

బాబాయి: నిండా ఎందుకు వేస్తావు? బాక్స్ఎన్ మోసేది సుమారు 58 టన్నులు. డబ్బా ఘనపరిమాణం 56 ఘనపు మీటర్లు. బొగ్గు తేలిక, పైదాకా వస్తుంది. ఇనుప ఖనిజం బరువు. 58 టన్నులు వేసేసరికి సగం దగ్గరే ఆగిపోతుంది. గీకుడంతా ఆ గీత కింద ఎక్కువ, పైన తక్కువ. బొగ్గు వ్యాగన్‌కీ ఖనిజం వ్యాగన్‌కీ లోపలి గోడ ఒకేలా ఉంటే అది నువ్వు చూడకుండా వేసినట్టే.

అబ్బాయి: ఇది నాకు తట్టలేదు.

బాబాయి: మరి తట్టాలి. బయట గోడకి అడుగు తలుపుల దగ్గర చూడు. గడియలు సుత్తితో కొట్టి తీస్తారు. ఆ చుట్టూ రంగు లేచిపోతుంది. ఎక్కే మెట్టు, పట్టుకునే కడ్డీ చెయ్యీ కాలూ తగిలి మెరుస్తాయి, అక్కడ తుప్పు నిలవదు. చక్రాల దగ్గర బ్రేకు దుమ్ము. పోత ఇనుము బ్లాకులున్నప్పుడు ఆ దుమ్ము తుప్పు పట్టి అడుగంతా ఎర్రగోధుమగా ఉండేది. కాంపోజిషన్ బ్లాకులొచ్చాక నలుపు బూడిద. కప్లర్ దవడ నల్లగా, రాసుకున్న చోట వెండిలా. ఇవి కాక మా చాక్‌పీసు రాతలు.

చాక్‌పీసు రాత నమూనాలో ఎంతుండాలి? పదిహేను సెంటీమీటర్ల అక్షరం 1.7 మిల్లీమీటర్లవుతుంది. బాగా చెక్కిన తెల్ల పెన్సిల్‌తో, చదవడానికి సరిగ్గా అందనంత వంకరగా ఒక అంకె, ఒక అడ్డగీత వేస్తే నప్పుతుంది. బాగా అర్థమయ్యేలా రాస్తే పెద్దదైపోతుంది.

పని వరుస ఇలా ఉంటుంది. ముందు నమూనాను కొద్దిగా సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టి, చేతుల జిడ్డు పోగొట్టాలి. తర్వాత మ్యాట్ వార్నిష్. గరుకు లేకపోతే పొడి పట్టదు. ఆపైన అసలు రంగునే కాస్త లేతగా, నీళ్లలా పలచగా కలిపి ఎయిర్‌బ్రష్‌తో పొగలా కొట్టి ఎండకు వెలిసిన రూపం తేవడం. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లు ఈ మెట్టు వదిలేసి ముందుకు వెళ్లొచ్చు.

అసలు కిటుకు ఆ తర్వాతి వాష్‌లో ఉంది. ట్యూబు ఆయిల్ పెయింటులో ముదురు గోధుమ చిటికెడు తీసుకుని టర్పెంటాయిల్‌లో కరిగించి, టీ డికాషన్ రంగు వచ్చేదాకా పలచన చేస్తారు. సన్నకుంచెతో నిలువు పట్టీ మొదట్లో ఒక్క చుక్క ఆనిస్తే అది తనంతట తానే మూల వెంట కిందికి పాకుతుంది. గోడంతా పులమాల్సిన పని లేదు. కొన్ని నిమిషాలాగి, చదును కుంచెను టర్పెంటాయిల్‌లో ముంచి, గుడ్డ మీద దాదాపు పూర్తిగా తుడిచి, పైనుంచి కిందికి ఒకే దిక్కున లాగాలి. చార పైన చిక్కగా మొదలై కిందికి వచ్చేసరికి ఇగిరిపోవాలి. నీళ్లు పారే తీరు అదే. అడ్డంగా లాగితే వ్యాగన్ పక్కకు పడుకుని తడిసినట్టు తయారవుతుంది. అడుగు రంగు నీటి ఆధారిత యాక్రిలిక్ అయి, పూర్తిగా ఆరి ఉంటే టర్పెంటాయిల్ దాని జోలికి పోదు కాబట్టి, నచ్చకపోతే అదే రోజు తుడిచేసుకోవచ్చు.

పెచ్చులూడిన రూపానికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి. స్పాంజి ముక్క చింపి, ముదురు రంగులో అద్ది, కాగితం మీద ఒత్తి, మిగిలిన తడితో అంచుల్లో తాకించడం సులువైనది. రెండోది ఉప్పు: అడుగున తుప్పు రంగు వేసి, తడిపి, ఉప్పు చల్లి, ఆరాక పై రంగు కొట్టి, ఉప్పును రాల్చేస్తే అక్కడక్కడా తుప్పు బయటపడుతుంది. మూడోది హెయిర్ స్ప్రే: తుప్పు రంగు మీద దాన్ని కొట్టి, పైన యాక్రిలిక్ వేసి, తర్వాత తడికుంచెతో రుద్దితే కిందున్న స్ప్రే కరిగి పై రంగు పెచ్చులుగా లేస్తుంది. ఫలితం అన్నిటికన్నా ఇందులోనే బాగుంటుంది గాని, కంపెనీ వేసిన నంబర్లూ తేదీలూ పై రంగు కింద పోతాయి. మళ్లీ డెకాళ్లు, అంటే అక్షరాల అచ్చు స్టిక్కర్లు, అతికించుకోవాలి. బాక్స్ఎన్ లోపలి గోడకి ఉప్పు పద్ధతి చాలు, అక్కడ అక్షరాలేమీ ఉండవు.

చివర్లో పొడులు. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీని బ్లేడుతో గీరితే వచ్చే పొడిని మెత్తని కుంచెతో రుద్దుతారు. మెట్ల అంచులకు, కడ్డీలకు 6బీ పెన్సిల్ గ్రాఫైట్ వేలితో రాస్తే అరిగిన ఇనుము మెరుపు వస్తుంది. పొడి మీద వార్నిష్ కొడితే అది సగం మాయమవుతుంది. అందుకే కొందరు కాస్త ఎక్కువ వేసి కొడతారు, కొందరు అసలు కొట్టకుండా నమూనాను అంచులు పట్టుకుని ఎత్తుతారు. పొడి గీరేటప్పుడూ ఎయిర్‌బ్రష్ కొట్టేటప్పుడూ ముక్కుకు మాస్కు ఉండాలి.

అబ్బాయి: పాస్టెల్ ఎందుకు బాబాయ్, విశాఖ నుంచి నిజం ఖనిజం పొడే తెప్పిస్తే? దానికన్నా సహజం ఏముంటుంది?

బాబాయి: ఆ పొడిలో రవ్వ ఎంతుంటుంది? మిల్లీమీటరులో పదో వంతు అనుకో. నీ లెక్క ప్రకారం నిజంలో ఎంత?

అబ్బాయి: తొమ్మిది మిల్లీమీటర్ల దాకా.

బాబాయి: అంటే గోడకి కంకర అతికించినట్టు. అసలు దుమ్మే వేసినా దుమ్ములా కనపడదు. పైగా ఖనిజంలో, మట్టిలో అయస్కాంతానికి అంటుకునే రవ్వలుంటాయి. నీ ఇంజన్ మోటారులో అయస్కాంతం ఉంది. ఒక్కసారి లోపలికి చేరితే మోటారు గోవిందా.

ఇంజన్ సంగతి అందుకే వేరు. వ్యాగన్ తోలు మాత్రమే. ఇంజన్‌లో కరెంటు నడుస్తుంది. సాధారణంగా 12 వోల్టుల వరకు ఉండే విద్యుత్తు పట్టాల నుంచి చక్రాల ద్వారానే మోటారుకు చేరుతుంది. చక్రం పట్టా మీద దొర్లే అంచుకు రంగో వార్నిషో తగిలితే బండి ఎక్కిళ్లు పెడుతుంది. చక్రం పక్క ముఖానికి తుప్పు గోధుమ వేసి, దొర్లే అంచును మాత్రం శుభ్రంగా, మెరిసేలా ఉంచాలి. నిజం చక్రం కూడా అక్కడ మెరుస్తూనే ఉంటుంది కాబట్టి, పనికొచ్చేదీ సహజమైనదీ ఒకే చోట కలిసిన అరుదైన సందర్భం ఇది. ఇరుసు మొనలు తిరిగే గుంటల్లోకి, గేర్లలోకి పొడి పోకుండా ఇంజన్ పై డబ్బాను విడదీసి, దానికి విడిగా రంగు వేసుకోవడం మేలు.

డబ్ల్యూడీఎం-2 తీసుకుంటే, 1962లో ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన ఆ 2,600 గుర్రపు శక్తి డీజిల్‌కి పొగ పెద్ద గుర్తు. పొగగొట్టం చుట్టూ పైకప్పు నల్లగా ఉంటుంది. ఈ ఇంజన్ రెండు వైపులకూ నడుస్తుంది కాబట్టి ఆ మసి ఒకే దిక్కుకు సాగకుండా అటూ ఇటూ పాకుతుంది. డీజిల్ పోసే మూత కింద తడిచార పడుతుంది, దానికి మాత్రం మెరిసే వార్నిష్ వాడొచ్చు. అద్దం మీద వైపర్ తుడిచిన మేర శుభ్రంగా, చుట్టూ దుమ్ము. టేపును వైపర్ తిరిగే ఆకారంలో కత్తిరించి అతికించి, దుమ్ము రంగు కొట్టి, తీసేస్తే ఈ ఒక్క వివరమే ఇంజన్‌లో మనిషి కూర్చున్నట్టు చేస్తుంది. ఎలక్ట్రిక్ ఇంజన్‌కైతే పాంటోగ్రాఫ్ రాపిడి పొడితో పైకప్పు ముదురుగోధుమ. గోడలు దాదాపు శుభ్రం.

బాబాయి: ధర సంగతి చెప్పలేదు నువ్వు. రేపు అమ్మాలంటే?

అబ్బాయి: సేకరించేవాళ్లు కొనరు, నిజమే. డబ్బాలో ఉన్నది ఉన్నట్టుండాలి వాళ్లకి. బాగా చేసినదానికి వేరే గిరాకీ ఉంటుంది గాని, దాన్ని నమ్ముకోలేం.

బాబాయి: వెనక్కి తీసుకురాలేవా?

అబ్బాయి: పొడిని కడగొచ్చు. ఆయిల్ వాష్ కొత్తగా ఉంటే తుడవొచ్చు. వార్నిష్ పడ్డాక కష్టం. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రుద్దితే వార్నిష్‌తో పాటు కంపెనీ అచ్చు వేసిన అక్షరాలూ పోవచ్చు.

ఈ ఒక్క విషయంలో బాబాయి పక్షం గట్టిది. మళ్లీ తయారు కాని, పరిమిత సంఖ్యలో వచ్చిన నమూనాకు పని నేర్చుకుంటూ రంగు వేయడం తెలివైన పని కాదు. చవక వ్యాగన్ మీద, విరిగిన డబ్బా మీద చెయ్యి తిరిగాక ఇంజన్ ముట్టుకోవాలి.

మిగిలింది రేకు, అంటే కలిసి నడిచే వ్యాగన్ల వరుస, సంగతి. నిజం బాక్స్ఎన్ రేకులో 58 దాకా వ్యాగన్లుంటాయి. బల్ల మీద పది నడిచినా గొప్పే. ఆ పదికీ ఒకే వాష్, ఒకే చార పడితే విడివిడిగా ఎంత బాగున్నా కలిపి చూస్తే అచ్చుగుద్దినట్టు ఉంటాయి. వేర్వేరు తేదీల్లో పీఓహెచ్ అయినవి కాబట్టి ఏ రెండూ ఒకలా ఉండవు. రెండింటికి రంగు బాగా వెలిసి ఉండాలి. ఒకదానికి ఒక తలుపు మారి, ఆ మేర కొత్త రంగుతో ఉండాలి. ఒకటి నిన్ననే వర్క్‌షాపు నుంచి వచ్చి ఉండాలి. ఆ ఒక్కదానికి మ్యాట్ వార్నిష్, చక్రాలకు గోధుమ, సరైన తేదీ తప్ప ఇంకేమీ వద్దని బాబాయి పట్టుబట్టాడు, అబ్బాయి ఒప్పుకున్నాడు. పక్కన కొత్తది ఉంటేనే మిగతావాటి పాతదనం తెలుస్తుందన్నది అతను చెప్పుకున్న కారణం. రేకులో ఒక్కటైనా నేను పాస్ చేసినట్టుండాలి అన్నది బాబాయి కారణం.

డబ్ల్యూపీ విషయంలో మాత్రం ఇద్దరికీ కుదరలేదు. చక్రాల కడ్డీల కీళ్ల దగ్గర నూనె తడి, పొగగొట్టం అంచున మసి వరకు బాబాయి దిగివచ్చాడు, అవి నడిచే ఇంజన్‌కి తప్పవు కాబట్టి. ముక్కు మీద, నక్షత్రం మీద ఏ పొడీ పడనివ్వనన్నాడు. కనీసం బాయిలర్ పక్కన నీళ్లు కారిన తెల్లచార ఒక్కటి పెట్టనివ్వమని అబ్బాయి అడిగితే, అది ఏ జాయింటు నుంచి కారుతోందో ముందు చూపించమన్నాడు.